ఫంక్షన్ హాలు లైట్లలో ఒంటిరంగు నిలబెట్టుకోవడం: నా అనుభవం

మా అక్క కూతురి బారసాల ఆల్బమ్ వచ్చినప్పుడు ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. ఒక పేజీలో పాప మొహం వంకాయ రంగులో ఉంది, పక్క పేజీలో సున్నం కొట్టినంత తెల్లగా ఉంది. పాపది వాళ్ల నాన్న పోలిక, చక్కటి చామనచాయ. "ఇంతకీ ఇందులో మన పిల్ల ఏదే?" అంది అక్క. తీసినతన్ని అడిగితే, "హాల్లో లైటింగ్ అంతేనండీ, అందరికీ అలాగే వస్తాయి. మీ పాపని కొంచెం ఫెయిర్‌గా కూడా చేసిచ్చాం కదా" అన్నాడు. లైటింగ్ సంగతి ఎలా ఉన్నా, నెలల పిల్లని అడక్కుండా తెల్లగా మార్చి ఇవ్వడం నాకు చాలా కష్టంగా అనిపించింది. మొదటి పుట్టినరోజుకి ఫోటోలు నేనే తీస్తానని అక్కకి ఆ రోజే చెప్పేశాను.

నాకు ఫోటోగ్రఫీ వృత్తి కాదు. ఉద్యోగం చేసుకుంటూ ఇష్టం కొద్దీ నేర్చుకున్నాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కెమెరా, 35 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు, 17-50 ఎఫ్ 2.8 జూమ్, ఒక మామూలు ఫ్లాష్, ఒక గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిద రంగు అట్ట)... నా సామానంతా ఇంతే. ఇండోర్ ఫోటోలకి ఇంతకు మించి ఏమీ అక్కర్లేదని నా నమ్మకం. హాల్లోకి ముందు రోజే వెళ్లి లైట్లు చూసుకునే ఓపిక మాత్రం ఉండాలి.

విజయవాడలో పటమట వైపు నూట యాభై మంది పట్టే ఏసీ హాలు అది. ఫంక్షన్ సాయంత్రం ఏడింటికి కాబట్టి ముందు రోజు అదే టైముకి అక్కని తీసుకుని వెళ్లాను. పగలు వెళితే కిటికీ వెలుతురు కలిసిపోయి అసలు సంగతి తెలియదు. లైట్లన్నీ వేయించి చూస్తే హాల్లో మూడు రకాలున్నాయి. ఫాల్స్ సీలింగ్‌లో పసుపు డౌన్‌లైట్లు, గోడల వెంబడి తెల్లటి ఎల్‌ఈడీ ట్యూబులు, స్టేజీకి రెండు పక్కలా రంగులు మారే పార్ లైట్లు. మామూలుగా చూస్తే హాలంతా కళకళలాడుతోంది. మన కన్ను ఎప్పటికప్పుడు సర్దుకుంటుంది, తెల్ల చొక్కా ఏ లైటు కింద ఉన్నా తెల్లగానే చూపిస్తుంది. కెమెరాకి ఆ గుణం లేదు.

లైటు రంగుని కెల్విన్లలో చెబుతారు. కొవ్వొత్తి వెలుగు 1900 దగ్గర ఉంటుంది, పాతకాలం బల్బు 2700, వార్మ్ వైట్ ఎల్‌ఈడీ 3000, ఫ్లాష్ 5500 చిల్లర, కూల్ డేలైట్ ట్యూబు 6500. అంకె తగ్గేకొద్దీ నారింజ వైపు, పెరిగేకొద్దీ నీలం వైపు. 2015లో ఎల్‌ఈడీ బల్బులు చవగ్గా ఇచ్చే ఉజాలా పథకాన్ని కేంద్రం మొదలుపెట్టాక ఇళ్లలో పసుపు బల్బులు దాదాపు పోయి తెల్ల ఎల్‌ఈడీలు వచ్చాయి. కాబట్టి ఇంట్లో తీసే ఫోటోలకి ఇప్పుడు ఈ బాధ కొంత తగ్గింది. ఫంక్షన్ హాళ్ల వాళ్లు మాత్రం అందం కోసం పసుపూ తెలుపూ కలిపి పెడతారు. చిక్కంతా అక్కడే.

కెమెరాని 4000 కెల్విన్ దగ్గర ఆపి, గ్రే కార్డు అక్క చేతికిచ్చి హాలంతా తిప్పాను. స్టేజీ ముందు కార్డు నారింజగా పడింది. భోజనాల వైపు వెళ్లేసరికి నీలంగా పడింది. రెంటికీ మధ్య, సరిగ్గా కేకు టేబుల్ వేస్తామన్న చోట, అక్క మొహాన్ని దగ్గరగా తీసి స్క్రీన్ మీద పెద్దది చేసి చూశాం. ముక్కు గీత గీసినట్టు మొహాన్ని రెండుగా విడగొట్టింది. ఎడమ చెంప నారింజ, కుడి చెంప లేత నీలం. ముక్కుపుడక రాయిలో రెండు రంగులూ పక్కపక్కనే ఉన్నాయి. "అయ్యో, ఇదేంటే ఇలా ఉన్నాను" అని అక్క కంగారుపడింది.

లైటు రంగుకి తగ్గట్టు కెమెరా రంగులు సర్దే సెట్టింగ్‌ని వైట్ బ్యాలెన్స్ అంటారు. దాని గురించి తెలుసుకోవాల్సిన ముఖ్యమైన విషయం ఆ ఒక్క ఫోటోలోనే ఉంది. వైట్ బ్యాలెన్స్ అనేది ఫోటో మొత్తానికి ఒకటే మీట. ఎడమ చెంపని బాగుచేద్దామని నీలం వైపు తిప్పితే కుడి చెంప ఇంకా నీలమవుతుంది. కుడి చెంపని చూసుకుంటే ఎడమది పచ్చకామెర్లు వచ్చినట్టు తయారవుతుంది. రా ఫైలు (కెమెరా రంగులు దిద్దకుండా ఇచ్చే ముడి ఫైలు) తీసినా, ఎంత మంచి సాఫ్ట్‌వేర్ ఉన్నా, రెండు లైట్లు కలిసిపడిన మొహాన్ని బాగుచేయాలంటే ఒక్కో ఫోటోలో ఒక్కో చెంపకి విడిగా రంగు దిద్దుకుంటూ కూర్చోవాలి. నాలుగు వందల ఫోటోలకి ఆ పని ఎవరు చేస్తారు? అదే ఒక రకం లైటు ఆపేస్తే స్విచ్ నొక్కినంత సేపట్లో పని అయిపోతుంది.

హాలు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, "అన్నా, రేపు కేకు కోసేటప్పుడు గోడల ట్యూబులు ఆపేసి, పసుపు లైట్లు మాత్రం ఫుల్లుగా పెట్టగలరా?" అని అడిగాను.

"ట్యూబులు ఆపితే హాలు డల్లుగా ఉందంటారు మేడమ్. వీడియో వాళ్లు నా మీద పడతారు."

"స్టేజీ వైపువి ఆపండి చాలు. భోజనాల వైపువి ఉంచేయండి. వీడియో వాళ్లతో నేను మాట్లాడతాను."

ఆయన బోర్డు దగ్గరికి తీసుకెళ్లి ఏ స్విచ్ దేనిదో చూపించాడు. ఫోన్‌లో ఆ బోర్డు ఫోటో తీసుకున్నాను. మర్నాడు ఆయన డ్యూటీలో లేకపోయినా ఇబ్బంది ఉండదు.

పార్ లైట్ల విషయంలో మాత్రం నేను మొహమాటపడలేదు. ఊదారంగు లైటులో ఎరుపూ నీలమూ తప్ప ఆకుపచ్చ దాదాపు ఉండదు. లేని రంగుని కంప్యూటర్‌లో ఎక్కడ్నుంచి తెస్తాం? ఆ లైటు కింద తీసిన మొహాన్ని ఏ కెల్విన్ అంకే కాపాడలేదు. బారసాల ఫోటోల్లో పాపని వంకాయ రంగులోకి మార్చింది కచ్చితంగా ఇలాంటి లైటే. "డాన్సులు మొదలయ్యాక మీ ఇష్టం వచ్చినన్ని రంగులు వేసుకోండి, పాప స్టేజీ మీద ఉన్నంతసేపూ వార్మ్ వైట్‌లోనే ఉంచండి" అని గట్టిగా చెప్పాను. వీడియో తీసే కుర్రాడికి అప్పుడే ఫోన్ చేశాను. "తమ్ముడూ, నీ ప్యానెల్ లైటుకి రంగు మార్చే చక్రం ఉంటుంది కదా, రేపు 3200 దగ్గర పెట్టుకుంటావా?" అన్నాను. "సరే అక్కా, నాకూ అదే ఈజీ" అన్నాడు. ఇంత తేలిగ్గా అయ్యే పని గురించి మన ఫంక్షన్లలో ఫోటో వాళ్లూ వీడియో వాళ్లూ ఎందుకు మాట్లాడుకోరో నాకు అర్థం కాదు.

ట్యూబులు ఆపించి మళ్లీ గ్రే కార్డు తీస్తే 3100 దగ్గర బూడిద రంగు బూడిద రంగుగా కనిపించింది. కెమెరాలో ఆటో వదిలేసి ఆ అంకె పెట్టేశాను. ఆటో వైట్ బ్యాలెన్స్ పనికిరానిదని కాదు. క్యానన్‌లో తెలుపుకి ప్రాధాన్యం ఇచ్చేదీ, వాతావరణాన్ని ఉంచేదీ అని రెండు ఆటోలున్నాయి, నికాన్‌లోనూ అలాంటివి ఉన్నాయి. కానీ ఫ్రేములో పసుపు పట్టుచీర ఎక్కువ కనబడితే ఆటో దాన్ని లైటు పసుపనుకుని నీలం కలుపుతుంది. ఆ పక్క ఫోటోలో చీర లేకపోతే కలపదు. హాల్లో లైటు అదే, మొహం అదే, రంగులు వేరు. అంకె కట్టేస్తే కనీసం అన్ని ఫోటోలూ ఒకే తీరుగా వస్తాయి. తేడా ఏమైనా ఉంటే తర్వాత అన్నిటికీ ఒకేసారి సవరించుకోవచ్చు.

ఎక్స్‌పోజర్‌కీ, అంటే ఫోటోలో వెలుగు ఎంత ఉండాలన్నదానికీ, నా పద్ధతి ఇదే. కెమెరా మీటర్ తన ముందున్నది ఏదైనా సగటున మధ్యస్థ బూడిద రంగులో ఉంటుందనుకుంటుంది. డెకరేషన్ వాళ్లు పాప వెనక తెలుపు, బంగారు రంగు బెలూన్ల తోరణం కడతామన్నారు. అది ఫ్రేములోకి రాగానే మీటర్ వెలుగు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది, మొహాలు నల్లబడతాయి. ముదురు నీలం సూటులో బావగారు దగ్గరగా వస్తే చీకటిగా ఉందనుకుని పెంచుతుంది, పాప నుదురు తెల్లగా మెరిసిపోతుంది. పసుపు డౌన్‌లైట్లు రాత్రి ఏడింటికీ తొమ్మిదింటికీ ఒకేలా వెలుగుతాయి. అలాంటప్పుడు ఫోటో ఫోటోకీ కెమెరాని కొత్తగా నిర్ణయించనివ్వడం ఎందుకు? మాన్యువల్‌లో ఒకసారి సరిగ్గా పెట్టుకుని వదిలేస్తే సరిపోతుంది.

సరిగ్గా పెట్టుకోవడానికి నేను వాడేది నా అరచెయ్యి. ఒంటిరంగు ఏదైనా అరచేతులు వెలుగులో దాదాపు ఒకేలా ఉంటాయి, మధ్యస్థ బూడిద కంటే ఇంచుమించు ఒక స్టాప్ ఎక్కువ (ఒక స్టాప్ పెరిగితే వెలుగు రెట్టింపు, తగ్గితే సగం). పాప కూర్చునే కుర్చీ దగ్గర చెయ్యి చాపి, ఫ్రేములో చిన్న చోటుని మాత్రమే చూసే స్పాట్ మీటర్‌తో కొలిచి, మీటర్ ప్లస్ వన్ చూపించేలా అమర్చుకున్నాను. ఎఫ్ (లెన్సు ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె) 2.8, షట్టర్ సెకనులో వందో వంతు, ఐఎస్ఓ (కెమెరా వెలుగుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 2500 వచ్చింది. ఐఎస్ఓ పెరిగితే గింజలు వస్తాయని భయపడి చాలామంది 800 దగ్గరే ఆపి, తర్వాత కంప్యూటర్‌లో వెలుగు పెంచుతారు. నాలాంటి పాత కెమెరాలో అలా పెంచినప్పుడు నీడల్లో, ముఖ్యంగా నల్లటి జుట్టులో వచ్చే మచ్చలు ఇంకా అన్యాయంగా ఉంటాయి. 2500లో సరిగ్గా పడిన మొహం అంతకంటే శుభ్రంగా ఉంటుంది.

షట్టర్ వందో వంతే ఎందుకంటే, మన కరెంటు 50 హెర్ట్జ్. కరెంటు సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంటే లైటు వందసార్లు హెచ్చి తగ్గుతుంది. షట్టర్ వందో వంతులో ఉంటే ఒక పూర్తి హెచ్చుతగ్గు లోపలికి వస్తుంది. పిల్లలు పరిగెడుతున్నారు కదా అని షట్టర్‌ని నాలుగు వందో వంతుకి పెంచి చూస్తే, వరసగా తీసిన ఫోటోల్లో ఒకటి వెలుగుగా, ఒకటి మసకగా, ఒకదానిలో అడ్డంగా పసుపు చార పడి వచ్చాయి. చవక ఎల్‌ఈడీ డ్రైవర్ల కింద ఇది మరీ ఎక్కువ. ఈ మధ్య కెమెరాల్లో యాంటీ ఫ్లికర్ సెట్టింగ్ ఉంటోంది, నా పాత కెమెరాలో లేదు. వందో వంతులో పరిగెత్తే పిల్లలు కాస్త చెదురుతారు. వాళ్లు ఒక్క క్షణం నిలబడి వెనక్కి చూసేదాకా ఆగి తీశాను.

ఇక డౌన్‌లైట్లతో ఇంకో బాధ ఉంది. వెలుగు నడినెత్తిన పడి కళ్ల కింద గుంటలు వస్తాయి. పెద్దవాళ్లు నీరసంగా, జబ్బు పడ్డట్టు కనిపిస్తారు. దానికి ఫ్లాష్ కావాలి. పాప కళ్లలోకి నేరుగా ఫ్లాష్ కొట్టడం నాకు ఇష్టం లేదు, పైగా నేరుగా కొడితే మొహం పాలిపోయి వెనకంతా చీకటైపోతుంది. దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది కాబట్టి ముందు వరస తెల్లగా, వెనక వరస నల్లగా వస్తుంది. ఆ హాలు ఫాల్స్ సీలింగ్ తెల్లటిది, పదకొండు అడుగులకి మించి ఎత్తు లేదు. ఫ్లాష్ తలని పైకి, కొంచెం వెనక్కి తిప్పి సీలింగ్‌కి కొడితే వెలుగు గదంతా పరుచుకుని దిగింది. మధ్యలో చెక్క రంగు పలకలున్న చోట మాత్రం కొట్టలేదు. చెక్కకి తగిలిన వెలుగు చెక్క రంగు పూసుకునే కిందికి వస్తుంది. పెద్ద కళ్యాణమండపాల్లో సీలింగ్ ఇరవై అడుగులు దాటి ఉంటుంది, అక్కడ ఈ ఉపాయం పనిచేయదు.

ఫ్లాష్ 5500, హాలు 3100. మళ్లీ రెండు రంగుల గొడవ. అందుకే ఫ్లాష్ అద్దానికి సీటీఓ అనే నారింజ జెల్ ముక్క అంటించుకుంటాను. ఫుల్ సీటీఓ ఫ్లాష్ వెలుగుని సుమారు 2900కి దించుతుంది. కొంత వెలుగు తినేస్తుంది, అంతే. చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పని. నా సామానులో దీనంత మార్పు తెచ్చింది ఇంకొకటి లేదు. ఫ్లాష్ మీద ఒక స్టాప్ తగ్గించి పెడితే కళ్ల కింద నీడలు మాత్రం నిండుతాయి, హాలు లైటు అలాగే ఉంటుంది. ఫోటో చూసినవాళ్లకి ఫ్లాష్ వాడినట్టే తెలియదు.

పుట్టినరోజు నాడు అన్నీ అనుకున్నట్టే జరిగాయని అనను. కేకు మీద కొవ్వొత్తితో పాటు రవ్వలు చిమ్మే స్పార్కిల్ ఒకటి పెట్టారు, ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరో "లైట్లు ఆపండి" అన్నారు, హాలు చీకటైపోయింది. స్పార్కిల్ వెలుగు ముందు ఏ సెట్టింగూ నిలవదు, అది ఆరేదాకా ఆగడమే మేలు. ఆ లోపు జూమ్ తీసేసి 35 ఎంఎం లెన్సు బిగించి, ఫ్లాష్ ఆపేసి, ఎఫ్ 2, షట్టర్ అరవయ్యో వంతు, ఐఎస్ఓ 6400 పెట్టుకున్నాను. కొవ్వొత్తి కరెంటుతో వెలగదు కాబట్టి వందో వంతు నియమం అక్కర్లేదు. అంకె ఆకారం కొవ్వొత్తి పాప మొహానికి అడుగు దూరంలో ఉంది. అక్క పాపని ఎత్తుకుని ముందుకు వంచింది. ఆ వెలుగులో పాప కనురెప్పల నీడలు పైకి, నుదుటి వైపుకి పడ్డాయి. కెల్విన్ అంకె 3100 దగ్గరే వదిలేశాను. ఫోటోలో మొహాలు బాగా బంగారు రంగులో వచ్చాయి, అలాగే ఉండనిచ్చాను. కొవ్వొత్తి వెలుగుని తెల్లగా కడిగేస్తే ఇక అది కొవ్వొత్తి వెలుగే కాదు.

అక్షింతలు వేసేటప్పుడు అమ్మమ్మ వచ్చింది. మొహానికి పసుపు రాసుకుని వచ్చే మనిషి ఆవిడ. ఆటోలో ఉంటే ఆ పసుపు చూసి కెమెరా కచ్చితంగా మోసపోయేది. అంకె కట్టేసి ఉంది కాబట్టి పసుపు పసుపులా, దాని కింద ఆవిడ అసలు రంగు ఆవిడ రంగులా పడ్డాయి. తర్వాత బావగారి అమ్మగారు కుంకుమ రంగు ధర్మవరం పట్టుచీరలో స్టేజీ ఎక్కారు. మామూలు హిస్టోగ్రామ్, అంటే ఫోటోలో వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫు, బాగానే ఉంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ తెరిస్తే ఎరుపు కుడివైపు గోడకి కొట్టుకుని ఉంది. అంటే చీర మడతలు, బుటాలు అన్నీ కలిసిపోయి ఒకే ఎర్రటి ముద్దగా వస్తాయి. పసుపు లైటు కింద ఎర్రచీర ఉంటే ఇది తప్పదు. ఆవిడ స్టేజీ దిగేదాకా ఒక స్టాప్‌లో మూడింట రెండొంతులు తగ్గించి తీశాను.

మా కజిన్స్ అందరూ ఫోన్లలో తీస్తున్నారు. వాళ్లకి చెప్పింది రెండే మాటలు. మొహం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి, తర్వాత వెలుగు తగ్గడానికి వేలుని కొంచెం కిందికి లాగండి. బ్యూటీ మోడ్ ఆపేయండి. రెండోది కొందరు ఒప్పుకోలేదు. "తెల్లగా ఉంటేనే బాగుంటుంది అత్తా" అంది మా పెద్దన్నయ్య కూతురు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఫిల్మ్ రోజుల్లో ల్యాబుల్లో రంగు సరిచూసుకోవడానికి కోడక్ పంపిన షర్లీ కార్డుల గురించి చెప్పాను. ఏళ్ల తరబడి వాటి మీద ఉన్నది తెల్లజాతి ఆడవాళ్ల ఫోటోలే. రకరకాల ఒంటిరంగుల వాళ్లున్న కార్డు 1990లలో గానీ రాలేదు. మన రంగుని సరిచేయాల్సిన లోపంగా చూసే అలవాటు ఫోన్ యాప్‌లలో కొత్తగా పుట్టింది కాదు. అది విని కాసేపు ఆలోచించి బ్యూటీ మోడ్ ఆపేసింది.

ఇంటికొచ్చాక కంప్యూటర్ పని తక్కువే. ముందు మానిటర్ నైట్ లైట్ ఆపాను, అది ఉంటే స్క్రీనే పసుపు చూపిస్తుంది. ప్రతి గంటకీ ఒకసారి గ్రే కార్డు తీసి పెట్టుకున్నాను కాబట్టి ఆ ఫోటోలో కార్డు మీద క్లిక్ చేసి, వచ్చిన అంకెని మిగతా అన్నిటికీ కాపీ చేశాను. కొందరు ఫోటోలో తెల్లగా కనిపించేదేదో చూసి దాని మీద క్లిక్ చేస్తారు. తాతగారి పంచె ఉదాహరణకి బాగా తెల్లగా ఉంది. కానీ అది నీలం పెట్టి ఉతికిన పంచె. కార్డుకి బదులు పంచె మీద క్లిక్ చేసి చూస్తే, ఆ నీలాన్ని తీసేసే ప్రయత్నంలో ఫోటో అంతా పసుపెక్కింది. ప్రింటర్ కాగితంలోనూ తెల్లదనం కోసం కలిపే రసాయనాలుంటాయి, దాన్నీ నమ్మలేం. కార్డు చెప్పిన లెక్క కంటే 250 కెల్విన్లు వెచ్చగా జరిపాను. పూర్తి తటస్థంగా ఉంటే రాత్రి ఫంక్షన్‌లా అనిపించలేదు. ఇది లెక్క కాదు, నా ఇష్టం.

ల్యాబుకి ఇచ్చేముందు ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల ప్రమాణంలో జేపెగ్‌లు చేసి, కొన్ని నాలుగు బై ఆరు ప్రింట్లు మాత్రం వేయించాను. స్క్రీన్ సొంతంగా వెలుగుతుంది, కాగితం వెలగదు. అందుకే ప్రింట్లు ఎప్పుడూ ఒక పిసరు ముదురుగా కనిపిస్తాయి. అన్నిటికీ మూడో వంతు స్టాప్ పెంచాల్సి వచ్చింది. చీరల రంగు చూడటానికి బావగారి అమ్మగారే ధర్మవరం చీర తెచ్చి, కిటికీ దగ్గర పగటి వెలుగులో అంచు పరిచి ప్రింటు పక్కన పెట్టారు. చీర ప్రింటు కంటే కాస్త ముదురుగా, కొద్దిగా ఊదా వైపు ఉంది. "మరి హాల్లో నాకు ఇలాగే కనిపించిందమ్మా, ఇదే ఉంచెయ్" అన్నారు ఆవిడ. పాప ప్రింటుని పాప బుగ్గ పక్కన పెట్టి అక్క చూసుకుంది. ఏమీ మార్చమనలేదు. ఆర్డరు ఫారం మీద "కలర్ కరెక్షన్, స్కిన్ వైటెనింగ్ చేయవద్దు" అని పెద్ద అక్షరాలతో రాసి, కౌంటర్‌లో ఉన్న అబ్బాయి చేత పైకి చదివించుకుని మరీ ఫైళ్లు ఇచ్చి వచ్చాను.